పశువుల కంచెకు ఎనర్జైజర్: వోల్టులు కాదు, చూడాల్సింది జౌల్స్

పొలం మోటారు స్టార్టర్ నుంచి ఒక ఫేజు తీగ లాగి కంచెకు తగిలిస్తే అందులో ఉండేది సుమారు 230 వోల్టులు. మార్కెట్లో దొరికే ఎనర్జైజర్ అదే కంచెలోకి పంపేది 6,000 నుంచి 10,000 వోల్టులు. మొదటిది మనిషిని, ఆవును, చివరికి ఏనుగును కూడా చంపేస్తుంది. రెండోది తగిలిన జంతువు అదిరిపడి వెనక్కి తగ్గుతుంది, కాసేపటికి మళ్లీ మేత మేస్తుంది. విద్యుత్ కంచె గురించి తెలుసుకోవాల్సిన మొదటి విషయం ఇదే.

తేడా వోల్టుల్లో లేదు, సమయంలో ఉంది. మనిషి ఒంటి విద్యుత్ నిరోధం చెమటను, చెప్పులను, నేల తడిని బట్టి మారుతుంది. వెయ్యి ఓంలు అనుకుంటే, 230 వోల్టుల తీగ పట్టుకున్నప్పుడు ఒంట్లోంచి పారేది 0.2 ఆంపియర్ల పైచిలుకు. 0.01 నుంచి 0.02 ఆంపియర్ల దగ్గరే చేతి కండరాలు బిగుసుకుపోయి పట్టు విడవవు. 0.1 ఆంపియర్ కొన్ని సెకన్లపాటు పారితే గుండె లయ తప్పుతుంది. అప్పుడు ఫ్యూజు ఎగిరిపోదా అన్న ప్రశ్న రావచ్చు. 5 హెచ్‌పీ మోటారు నడిచేటప్పుడే ఏడెనిమిది ఆంపియర్లు తీసుకుంటుంది. దానికోసం పెట్టిన ఫ్యూజుకు 0.2 ఆంపియర్లు ఒక లెక్కలోకి రావు. మనిషి పడిపోయాక కూడా కరెంటు పారుతూనే ఉంటుంది.

ఎనర్జైజర్ పని వేరు. బ్యాటరీ నుంచి వచ్చిన కరెంటును లోపలున్న కెపాసిటర్‌లో నింపుకొని, ట్రాన్స్‌ఫార్మర్ ద్వారా వోల్టేజీ పెంచి, ఒక్కసారిగా తీగలోకి వదులుతుంది. ఆ దెబ్బ ఉండేది సెకనులో వెయ్యో వంతుకన్నా తక్కువసేపు. తర్వాత సెకనుకు పైగా తీగలో ఏమీ ఉండదు. ఆ విరామంలోనే చెయ్యి వెనక్కి వస్తుంది, పశువు కాలు తీసుకుంటుంది. ఈ యంత్రాలకు వర్తించే అంతర్జాతీయ ప్రమాణం ఐఈసీ 60335-2-76 చెప్పేది కూడా ఇదే: దెబ్బకూ దెబ్బకూ మధ్య కనీసం ఒక సెకను ఉండాలి, దెబ్బ 10 మిల్లీసెకన్లకు మించకూడదు, 500 ఓంల లోడు మీద ఒక్కో దెబ్బ శక్తి 5 జౌల్స్ దాటకూడదు.

తెలుగు రాష్ట్రాల్లో దీన్ని ‘సోలార్ ఫెన్సింగ్’ అంటారు. గుజరాత్, మహారాష్ట్రల్లో ‘ఝట్కా మెషీన్’. రెండో పేరే నిజానికి దగ్గర. సోలార్ ప్యానెల్ చేసేది బ్యాటరీని నింపడం వరకే, షాక్ ఇచ్చేది ఎనర్జైజర్. ప్యానెల్ ఎంత పెద్దదో చూపించి కంచె ఎంత గట్టిదో చెప్పే అమ్మకందారు అసలు సంగతి చెప్పడం లేదనే అర్థం.

ఈ పరికరం పుట్టిందే పశువుల కోసం. 1930ల్లో న్యూజిలాండ్‌లోని హామిల్టన్ ప్రాంత రైతు బిల్ గల్లాఘర్ తన కారుకు ఒళ్లు రుద్దుకుంటున్న గుర్రాన్ని ఆపడానికి షాక్ ఇచ్చే ఏర్పాటు చేశాడనేది బాగా ప్రచారంలో ఉన్న కథ. 1960ల తొలినాళ్లలో అదే దేశంలోని రువాకురా పరిశోధన కేంద్రంలో డగ్ ఫిలిప్స్ కెపాసిటర్‌తో పనిచేసే నమూనా తయారుచేశాక, గడ్డి తగిలినా షాక్ చావని కంచె సాధ్యమైంది. భారత్‌లో మాత్రం ఇది ఎక్కువగా పంటను అడవి పందులు, ఏనుగుల నుంచి కాపాడే సాధనంగానే జనానికి తెలుసు. మందను లోపల ఉంచడానికి, కుక్కలు, తోడేళ్లు లోపలికి రాకుండా ఆపడానికి దీన్ని వాడేవాళ్లు ఇక్కడ తక్కువే. 2019 పశుగణన ప్రకారం దేశంలో 7.4 కోట్ల గొర్రెలుంటే, తెలంగాణలో 1.91 కోట్లు, ఆంధ్రప్రదేశ్‌లో 1.76 కోట్లు ఉన్నాయి. అంటే దాదాపు సగం ఈ రెండు రాష్ట్రాల్లోనే.

కరెంటు తీగను నేరుగా కంచెకు కట్టడం వల్ల జరిగే నష్టానికి ఒక అంకె చాలు. 2019-20 నుంచి 2023-24 వరకు ఐదేళ్లలో దేశంలో అసహజ కారణాలతో 528 ఏనుగులు చనిపోతే, వాటిలో 392 విద్యుదాఘాతంతోనే చనిపోయాయని కేంద్రం పార్లమెంటుకు చెప్పింది. అందులో తెగిపడిన, కిందికి వేలాడిన లైన్ల వాటా కూడా ఉంది. పొలాల చుట్టూ కట్టిన తీగల వాటా కూడా ఉంది. రాత్రి పంది కోసం పెట్టిన తీగకు తెల్లారి నీళ్లు కట్టడానికి వెళ్లిన రైతో, పక్క పొలం కూలీయో బలైన వార్తలు తెలుగు పత్రికల జిల్లా పేజీలకు కొత్త కాదు. చట్టం కూడా గట్టిగానే ఉంది. కరెంటు చౌర్యానికి విద్యుత్ చట్టం, 2003లోని సెక్షన్ 135 కింద మూడేళ్ల వరకు జైలు. షెడ్యూల్-1 జంతువు చనిపోతే వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద మూడు నుంచి ఏడేళ్లు. మనిషి చనిపోతే అది వేరే కేసు.

ఏ యంత్రం కొనాలి?

దుకాణంలో పెట్టె మీద పెద్ద అక్షరాల్లో ‘10,000 వోల్టులు’ అనో, ‘40 ఎకరాలు’ అనో ఉంటుంది. రెండూ పెద్దగా ఉపయోగపడే సమాచారం కాదు. ఏమీ తగలని తీగలో ఏ చిన్న యంత్రమైనా పది వేల వోల్టులు చూపిస్తుంది. వానాకాలంలో గరిక, తుంగ తీగను తాకుతున్నప్పుడు ఎన్ని వోల్టులు మిగులుతాయన్నదే లెక్క. దాన్ని నిర్ణయించేది జౌల్స్.

జౌల్స్‌లోనూ రెండు రకాలు చెబుతారు. కెపాసిటర్‌లో నిల్వ ఉండేవి ఒకటి, తీగలోకి నిజంగా వచ్చేవి రెండోది. సాధారణంగా రెండోది మొదటిదానిలో సుమారు 70 శాతమే ఉంటుంది. అడగాల్సింది ఔట్‌పుట్ జౌల్స్. ఏ జౌల్స్ సంగతీ రాయని, అడిగినా చెప్పలేని యంత్రాన్ని అక్కడే వదిలేయడం మేలు. పైన చెప్పిన ఐఈసీ ప్రమాణం గురించీ అడగాలి. ఇంకో చిన్న పరీక్ష దుకాణంలోనే చేసుకోవచ్చు. యంత్రం ఆన్ చేసి, ఫోన్‌లో ఒక నిమిషం టైమర్ పెట్టి, ‘టక్’ శబ్దాలు లెక్కపెట్టాలి. 60 దాటాయంటే దెబ్బల మధ్య సెకను విరామం లేనట్టే. అది ఎంత చవకైనా కొనకూడదు.

ఎన్ని జౌల్స్ కావాలి? వాడుకలో ఉన్న స్థూల లెక్క మైలు కంచెకు, అంటే 1.6 కిలోమీటర్లకు, ఒక ఔట్‌పుట్ జౌల్. ఇది గడ్డి పెద్దగా తగలని కంచెకు మాత్రమే. ఐదెకరాల చతురస్రాకారపు చెలక చుట్టూ సుమారు 570 మీటర్లు వస్తుంది. మేకల కోసం ఐదు వరుసలు లాగితే తీగ మొత్తం 2.8 కిలోమీటర్లు దాటుతుంది. లెక్క ప్రకారం అర జౌల్ కూడా చాలాలి. కానీ వరుసలు పెరిగేకొద్దీ, ముఖ్యంగా కింది వరుసలకు, గడ్డి తగిలే చోట్లు పెరుగుతాయి. జూలై, ఆగస్టుల్లో కలుపు తీయించే మనుషులు దొరకరు. అలాంటి చోట 2 జౌల్స్ తీసుకుంటే నిశ్చింత. అతిగా పెద్దది కొనాల్సిన పని కూడా లేదు, ఎందుకంటే జౌల్స్ పెరిగేకొద్దీ బ్యాటరీ, ప్యానెల్, ఎర్త్ రాడ్ల ఖర్చు పెరుగుతుంది.

బ్యాటరీ లెక్క కష్టమేమీ కాదు. సెకనుకు ఒక దెబ్బ చొప్పున ఒక జౌల్ నిల్వ చేసే యంత్రం ఒక వాట్ తీసుకుంటుంది. నష్టాలు కలిపి ఒకటిన్నర అనుకుంటే, 24 గంటలకు 36 వాట్-అవర్లు. 12 వోల్టుల బ్యాటరీలో అది 3 ఆంపియర్-అవర్లు. ముసురు పట్టి ఐదు రోజులు ఎండ రాకపోతే 15. లెడ్ యాసిడ్ బ్యాటరీని సగానికి మించి దించితే త్వరగా పాడవుతుంది కాబట్టి 30 ఆంపియర్-అవర్లది కావాలి, 20 వాట్ల ప్యానెల్ సరిపోతుంది. 3 జౌల్స్ నిల్వ చేసే యంత్రానికి, అంటే ఔట్‌పుట్ 2 జౌల్స్ వచ్చేదానికి, ఇదంతా మూడింతలు చేసుకుంటే చాలు. చాలామంది చేసేది దీనికి తలకిందులు. ఇంట్లో పాత ట్రాక్టర్ బ్యాటరీ ఉంది కదా అని దానికి తగిలిస్తారు. ఎండాకాలం బాగానే నడిచి, అవసరమైన వానాకాలంలో మొరాయిస్తుంది.

నేరుగా 230 వోల్టుల ప్లగ్గుకు పెట్టే ఎనర్జైజర్లూ ఉన్నాయి. లోపలి ట్రాన్స్‌ఫార్మర్ కంచెను లైను నుంచి వేరు చేస్తుంది కాబట్టి ప్రమాణాల ప్రకారం తయారైనవి సురక్షితమే. వ్యవసాయ ఫీడర్‌కు రోజులో కొన్ని గంటలే కరెంటు వచ్చే చోట అవి పనికిరావు. ఇంటికి దగ్గరున్న డెయిరీ షెడ్డుకు పనికొస్తాయి. వాటిని లోకల్ మెకానిక్ చేత విప్పించి రిపేరు చేయించకూడదు.

ఏ పశువుకు ఎలాంటి కంచె

ఆవులు, గేదెలు తేలిగ్గా నేర్చుకుంటాయి. ముక్కు తడిగా ఉంటుంది, కొత్త తీగను ముక్కుతోనే పలకరిస్తాయి. 45 సెంటీమీటర్ల దగ్గర ఒకటి, 90 దగ్గర ఒకటి, రెండు తీగలు చాలు. తీగలో 3,000 వోల్టులు ఉంటే సరిపోతుంది.

గొర్రెల దగ్గర జాతిని బట్టి తేడా వస్తుంది. ఉన్ని మంచి ఇన్సులేటర్. తెలంగాణలో కనిపించే దక్కనీ గొర్రెకు ముతక ఉన్ని ఉంటుంది. మెడ దాకా ఒకసారి దూరిందంటే దానికి షాక్ అందదు, ముందుకే తోసుకుపోతుంది. అందుకే తీగ మూతికి, చెవులకు తగిలే ఎత్తులో ఉండాలి. నెల్లూరు గొర్రెకు ఉన్ని దాదాపు ఉండదు, పొట్టి వెంట్రుకలే. దానికి షాక్ ఒంటి మీద ఎక్కడైనా తగులుతుంది. దక్కనీ మందకు నాలుగు వరుసలు, 4,000 వోల్టులకు తగ్గకుండా పెట్టుకోవాలి.

మేకలతోనే అసలు చిక్కు. సందు వెతకడం వాటి స్వభావం. 15, 30, 50, 75, 105 సెంటీమీటర్ల ఎత్తుల్లో ఐదు వరుసలు, 4,000 నుంచి 5,000 వోల్టులు వాటికి తగిన ఏర్పాటు. చోట్లు మారే మందకు రాత్రి కట్టడానికి ఎత్తుకెళ్లగలిగే వల కంచెలు ఉన్నాయి. తడికల కన్నా తేలిక, కుక్కల్ని బాగా ఆపుతాయి. కానీ కొమ్ములున్న మేక, కొత్తగా పుట్టిన పిల్ల అందులో చిక్కుకుంటే సెకనుకోసారి షాక్ తగులుతూనే ఉంటుంది. అలా ప్రాణాలు పోయిన సందర్భాలున్నాయి. కొమ్ముల మేకలకు వల కంచె వద్దు, పెట్టినా మనిషి కాపలా ఉన్నప్పుడే.

తీగ విషయంలో, 2.5 మిల్లీమీటర్ల గాల్వనైజ్డ్ హైటెన్సిల్ ఇనుప తీగ నిరోధం కిలోమీటరుకు 35 ఓంల దగ్గర ఉంటుంది. సన్నటి స్టీలు పోగులు అల్లిన నైలాన్ తాడుకు అది వేల ఓంలకు చేరుతుంది. రెండు మూడు వందల మీటర్ల తాత్కాలిక కంచెకు తాడు బాగుంటుంది, పొలం మొత్తానికి తాడు వాడితే చివరి మూలకు షాక్ చేరదు. ముళ్ల తీగకు మాత్రం ఎప్పుడూ కరెంటు ఇవ్వకూడదు. ఇది ప్రమాణంలోనే ఉన్న నిషేధం. షాక్ తగిలి వెనక్కి లాగే ఒంటిని ముల్లు పట్టి ఉంచుతుంది.

పాత ముళ్ల కంచె ఉన్నవాళ్లు దానికి లోపలివైపు వేరే ఇన్సులేటర్ల మీద కొత్త తీగ లాగుకోవాలి.

సగం కంచె భూమిలోనే

తీగలో వోల్టేజీ ఉన్నా పశువుకు షాక్ తగలడం లేదంటే, చాలాసార్లు తప్పు ఎర్తింగ్‌దే. షాక్ అంటే ఒక వలయం పూర్తవడం. కరెంటు తీగలోంచి పశువులోకి, గిట్టల ద్వారా నేలలోకి, నేలలోంచి ఎర్త్ రాడ్‌కు, అక్కణ్నుంచి యంత్రానికి తిరిగి రావాలి. ఈ దారిలో ఎక్కడ అడ్డు వచ్చినా షాక్ చచ్చిపోతుంది. విద్యుత్ కంచె మీద పెట్టే డబ్బులో అందరూ పొదుపు చేసేది సరిగ్గా ఇక్కడే. యంత్రం పక్కన రెండడుగుల కడ్డీ ఒకటి దిగ్గొట్టి పని అయిందనుకుంటారు.

స్థూల లెక్క ప్రకారం ఒక ఔట్‌పుట్ జౌల్‌కు భూమిలో మీటరు ఎర్త్ రాడ్ ఉండాలి. యంత్రం ఎంత చిన్నదైనా మూడు రాడ్లు, ఒక్కోటి మూడు మీటర్ల దూరంలో పెట్టి, మూడింటినీ ఒకే తీగతో కలపాలి. గాల్వనైజ్డ్ ఇనుప తీగకు గాల్వనైజ్డ్ రాడ్లే వాడాలి. రాగి, జింకు కలిసిన చోట తుప్పు త్వరగా పడుతుంది. ఇంటి ఎర్త్‌కు, బోరు స్టార్టర్ ఎర్త్‌కు, ట్రాన్స్‌ఫార్మర్ ఎర్త్‌కు కనీసం 10 మీటర్ల దూరం పాటించాలి. దగ్గరగా ఉంటే కంచె దెబ్బ నీళ్ల కుళాయిలోకి, లేదా లైనులో వచ్చిన లోపం కంచెలోకి రావచ్చు.

దక్కన్‌లో ఈ లెక్క మరింత కష్టమవుతుంది. ఏప్రిల్ వచ్చేసరికి చెలక నేలలు ఎండి బొరుసు అవుతాయి, అడుగున్నర కింద రాయి తగులుతుంది. నల్లరేగడి పగుళ్లిచ్చి రాడ్‌కు, మట్టికి మధ్య సందు ఏర్పడుతుంది. పొడి నేల కరెంటును రానివ్వదు. రాడ్లకు పశువుల నీళ్ల తొట్టి పక్కన, బోదె గట్టున, చెట్టు నీడలో తేమ నిలిచే చోటు వెతకాలి. అది యంత్రానికి 30 మీటర్ల దూరంలో ఉన్నా ఫర్వాలేదు, ఇన్సులేషన్ ఉన్న తీగతో కలపొచ్చు. రాడ్ చుట్టూ ఉప్పు పోయడం మనవాళ్ల అలవాటు. తేమ నిలుస్తుంది నిజమే, కానీ రాడ్‌ను తినేస్తుంది. బెంటొనైట్ మట్టి మేలు. అప్పటికీ చాలకపోతే ఒక వరుస తీగలో కరెంటు, మరో వరుసను ఎర్త్‌కు కలపడం మార్గం. రెండూ ఒకేసారి తగిలిన పశువుకు నేల ఎంత ఎండినా షాక్ తప్పదు.

ఎర్తింగ్ సరిపోయిందో లేదో చెప్పే పరీక్ష ఒకటుంది, బిగించేవాడు వెళ్లిపోకముందే చేయించుకోవాలి. యంత్రం ఆపి, దానికి కనీసం 100 మీటర్ల అవతల మూడు నాలుగు గునపాలు తీగకు ఆనించి నేలలో గుచ్చాలి. ఆన్ చేస్తే కంచె వోల్టేజీ 2,000 లేదా ఇంకా కిందికి పడిపోవాలి. పడకపోతే మరిన్ని గునపాలు. ఇప్పుడు చివరి ఎర్త్ రాడ్‌కు, దానికి మీటరు దూరంలో గుచ్చిన మేకుకు మధ్య కొలవాలి. 300 వోల్టుల లోపుంటే ఎర్త్ బాగున్నట్టు. ఎక్కువ చూపిస్తే ఇంకో రాడ్ దించాలి, మళ్లీ కొలవాలి. ఈ కొలతలకు కంచె వోల్ట్‌మీటరే వాడాలి. మామూలు మల్టీమీటర్ ఒక్క దెబ్బకు కాలిపోతుంది.

చిన్నవే, కానీ కొంపముంచేవి

యంత్రం నుంచి కంచె దాకా తీగను గేటు కింద నుంచి తీసుకెళ్లేటప్పుడు ఎలక్ట్రీషియన్లు ఇంటి వైరింగ్ తీగ వేస్తారు. దాని తొడుగు వెయ్యి వోల్టుల లోపు కోసం తయారైంది. ఎనిమిది వేల వోల్టులు భూమిలోకి జారిపోతాయి, పైకి ఏమీ కనిపించదు. 20,000 వోల్టులకు తగ్గ తొడుగున్న కేబుల్ కంచె సామాన్లతోపాటే దొరుకుతుంది. చవక ప్లాస్టిక్ ఇన్సులేటర్లు రెండు ఎండలకే పగులుతాయి, ఎండను తట్టుకునేవే కొనాలి.

ఒక కంచెకు రెండు ఎనర్జైజర్లు తగిలించకూడదు. రెండింటి దెబ్బలు ఒకదాని తర్వాత ఒకటి పడితే ఆ సెకను విరామం పోతుంది. పక్క రైతు కంచెకు, మన కంచెకు మధ్య రెండున్నర మీటర్లు ఉండాలి. పైన 11 కేవీ లైను వెళ్తుంటే కంచెకు దానికి కనీసం నాలుగు మీటర్ల దూరం తప్పనిసరి. దారి వెంబడి, గేటు దగ్గర పసుపు బోర్డులు, తెలుగులో రాసినవి, పెట్టాలి. పిడుగుల కాలంలో యంత్రాన్ని కంచె నుంచి విడదీయాలి. లైట్నింగ్ అరెస్టర్ ఉన్నా సరే.

కింది తీగ విషయంలో దక్షిణాఫ్రికా అనుభవం ఒకటి గమనించాల్సింది. అక్కడ నేలకు దగ్గరగా ఉన్న తీగలకు తాబేళ్లు, అలుగులు బలవుతున్నట్టు తేలింది. షాక్ తగలగానే తాబేలు పారిపోకుండా డిప్పలోకి ముడుచుకుంటుంది, అలుగు తీగ చుట్టూనే చుట్టుకుంటుంది. రాయలసీమలో చుక్కల తాబేళ్లున్నాయి, రెండు రాష్ట్రాల అడవి అంచుల్లో అలుగులున్నాయి. మేకల కోసం కింది తీగ 15 సెంటీమీటర్లకు దించక తప్పనప్పుడు, దానికి విడిగా స్విచ్ పెట్టి, మంద లోపల లేని వేళ ఆపేయడం ఒక మార్గం.

పశువుకు నేర్పకుండా కంచెలో వదలడం ఇంకో పొరపాటు. గట్టి గోడో దడో ఉన్న దొడ్లో లోపలివైపు ఒక మూల విద్యుత్ తీగ లాగి, రెండు రోజులు ఉంచితే ఒకటి రెండు షాక్‌లతో అవి నేర్చుకుంటాయి. నేర్చుకోని మేక పొలంలో తొలి షాక్‌కు బెదిరి ముందుకు దూకుతుంది, తీగలు తెంచుకుని పోతుంది. నేర్చుకున్న మంద మాత్రం తీగ దరిదాపులకు రాదు. ఈ కంచె ఆపేది బలంతో కాదు, జ్ఞాపకంతో.

ఆ జ్ఞాపకం నిలవాలంటే కంచె ప్రతిరోజూ పనిచేయాలి. శ్రీలంకలో వన్యప్రాణి శాఖ ఏనుగుల కోసం అడవుల అంచున వేల కిలోమీటర్ల విద్యుత్ కంచె కట్టింది. దానికి దూరంగా, ఊళ్ల చుట్టూ, వరి పొలాల చుట్టూ రైతులే చూసుకునే చిన్న కంచెలను అక్కడి సెంటర్ ఫర్ కన్జర్వేషన్ అండ్ రీసెర్చ్ ప్రోత్సహించింది. పొలం కంచెను పంట ఉన్నన్నాళ్లే ఉంచి, కోత కాగానే విప్పేస్తారు. పంట ఎవరిదో వాళ్లే తీగ చూసుకుంటారు కాబట్టి గడ్డి తీయడమనే పని ఎవరో ఒకరి నెత్తిన పడదు. భారత్‌లో హిమాచల్ ప్రదేశ్ లాంటి రాష్ట్రాలు సోలార్ కంచెకు పెద్ద మొత్తంలో సబ్సిడీ ఇస్తున్నాయి. సబ్సిడీ తీగ లాగడానికి పనికొస్తుంది కానీ ఆగస్టులో గరిక కోయదు.

వోల్టేజీ పడిపోయినప్పుడు వెతకడానికి ఒక వరుస ఉంది. మొదట కంచెను విడదీసి యంత్రాన్ని ఒంటరిగా కొలవాలి. అక్కడే తక్కువుంటే తప్పు బ్యాటరీదో యంత్రానిదో. యంత్రం బాగుంటే కంచెను మధ్యలో విడగొట్టి, దగ్గరి సగం కొలవాలి. వోల్టేజీ తిరిగొచ్చిందంటే తప్పు అవతలి సగంలో ఉంది, దాన్ని మళ్లీ సగం చేయాలి. నాలుగైదు సార్లకు ఆ చోటు దొరుకుతుంది. అక్కడ కనిపించేది సాధారణంగా విరిగిన ఇన్సులేటర్, తీగ మీద వాలిన సర్కారు తుమ్మ కొమ్మ, లేదా గేటు దగ్గర వదులైన ముడి. రాత్రి వెతికితే ఇంకా సులువు, తీగ తగులుతున్న చోట చిన్న నీలి నిప్పురవ్వ, ‘చిట్’ మన్న శబ్దం తెలుస్తాయి.